ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఇంగ్లిష్ పీరియడ్: పిల్లలే ఎక్కువ మాట్లాడేలా ప్లాన్ చేసుకోవడం ఎలా

ముందు ఒక చిన్న లెక్క. 45 నిమిషాల పీరియడ్, 40 మంది పిల్లలు. టీచర్ అరగంట పాఠం చెప్పి, మిగిలిన 15 నిమిషాల్లో ఒక్కొక్కరినీ లేపి ప్రశ్న అడిగితే ఒక్కో పిల్లకి దక్కేది 22 సెకన్లు. హాజరుకి, "సైలెన్స్" అని టేబుల్ మీద డస్టర్ కొట్టడానికి పోయే టైమ్ ఇందులో ఇంకా తీసేయలేదు. అదే పది నిమిషాలు ఇద్దరిద్దరినీ మాట్లాడుకోనిచ్చామంటే ఒక్కొక్కరి వాటాకి దాదాపు ఐదు నిమిషాలు వస్తుంది. ఆరేళ్లు, ఏడేళ్లు ఇంగ్లిష్ చదివి కూడా పిల్లలు నోరు విప్పడం లేదని కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశాల్లో) అందరం వాపోతాం గానీ, నోరు విప్పడానికి మనం ఇస్తున్న టైమ్ ఎంతో మాత్రం లెక్కేసుకోం. కింద రాసిందంతా ఆ 22 సెకన్లని ఐదు నిమిషాలు చేయడం ఎలా అన్నదాని గురించే. ప్రొజెక్టర్, ఐఎఫ్‌పి ప్యానెల్ (వేలితో తాకి వాడే పెద్ద తెర) ఉంటే సంతోషం, లేకపోయినా ఇందులో ఏదీ ఆగదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 6, 7, 8 తరగతులకి ఇంగ్లిష్ చెప్పేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ప్రైవేటు బడుల వాళ్లకీ పెద్ద తేడా ఉండదు.

అడుగు 1: పిల్లలు ఎక్కడున్నారో చూసుకోండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో పాఠం మొదలుపెట్టకండి. ఐదో తరగతి పుస్తకంలోంచి ఐదు వాక్యాల పేరా ఒకటి తీసుకుని, ఒక్కొక్కరినీ మీ బల్ల దగ్గరకి పిలిచి చదివించండి, తర్వాత వాళ్ల ఇంటి గురించి మూడు మాటలు ఇంగ్లిష్‌లో చెప్పమనండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు, మిగతా క్లాసుకి ఆ టైమ్‌లో ఏదైనా బొమ్మ వేసి పేర్లు రాసే పని ఇవ్వండి. రెండు మూడు పీరియడ్లలో తేలిపోతుంది. అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు, చదివేసి అర్థం చెప్పలేనివాళ్లు, అర్థం చేసుకుని కూడా నోరు మెదపనివాళ్లు అని మూడు రకాలుగా కనిపిస్తారు. మూడో రకం వాళ్లనే మనం "బాగానే ఉన్నార్లే" అని వదిలేస్తుంటాం, నిజానికి కాస్త తోస్తే ముందుగా మాట్లాడేది వాళ్లే.

ఈ జాబితా మీ డైరీలో ఉంచుకోండి. గోడ మీద అంటించకండి, "ఏ గ్రూపు, సి గ్రూపు" అని క్లాసులో పిలవకండి. పన్నెండేళ్ల పిల్లలకి తామెక్కడ ఉన్నారో మనం చెప్పకపోయినా తెలుసు.

అడుగు 2: ఆఖరి ఐదు నిమిషాల నుంచి వెనక్కి రాసుకోండి

లెసన్ ప్లాన్‌లో మామూలుగా మొదట రాసేది "టుడే ఐ విల్ టీచ్ సింపుల్ ప్రెజెంట్ టెన్స్" లాంటి మాట. ఇది టీచర్ చేసే పని. దీని బదులు, గంట కొట్టే ముందు పిల్ల ఏం చేసి చూపించాలో ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకి ఏడో తరగతికి: "పక్కవాళ్లని బస్సు టైమ్ గురించి మూడు ప్రశ్నలు ఇంగ్లిష్‌లో అడిగి, జవాబులు విని, ఏ బస్సు ఎక్కాలో చెప్పగలగాలి." సింపుల్ ప్రెజెంట్ ఇందులో ఉంది, కానీ పేరు పెట్టి ఎక్కడా లేదు.

వాక్యం సరిగ్గా కుదిరిందా లేదా అని చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు రాసింది కంటితో చూడగలరా, చెవితో వినగలరా? "అర్థం చేసుకుంటారు", "తెలుసుకుంటారు", "అభినందిస్తారు" అని రాశారంటే అది ఇన్‌స్పెక్షన్‌ కోసం రాసుకున్న మాట. "అడుగుతారు", "రాస్తారు", "గుర్తుపట్టి వేలు పెట్టి చూపిస్తారు" అనే మాటలు వచ్చాయంటే ప్లాన్ సగం అయిపోయినట్టే.

అడుగు 3: ఎక్కడ ఇరుక్కుంటారో ముందే రాసి పెట్టుకోండి

ఇది చాలామంది వదిలేసే అడుగు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. తెలుగు ఇంట్లో పెరిగిన పిల్ల ఎక్కడ తడబడుతుందో తెలుగు వచ్చిన టీచర్‌కి ముందే తెలియాలి, ఆ వీలు వేరే దేశం నుంచి వచ్చి చెప్పేవాళ్లకి లేదు.

బస్సు పాఠమే చూడండి. "బస్సు ఎనిమిదింటికి బయల్దేరుతుంది" అన్న జవాబులో "ఎనిమిదింటికి" తీసేసి అదే చోట "ఎన్నింటికి" పెడితే తెలుగులో ప్రశ్న అయిపోతుంది, ఇంకేమీ కదలక్కర్లేదు. అందుకే పిల్లలు "ది బస్ వాట్ టైమ్ లీవ్స్?" అంటారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది తప్పే కాదు, పక్కా లెక్క ప్రకారం కట్టిన వాక్యం. "డజ్" అనే మాటకి తెలుగులో జోడీ లేదు కాబట్టి అది వాళ్ల చెవికి వినపడదు, వినపడ్డాక కూడా "వాట్ టైమ్ డజ్ ది బస్ లీవ్స్?" అని చివర "స్" వదలరు. జవాబులో "ఎట్" ఎగిరిపోతుంది, ఎందుకంటే తెలుగులో ఆ పని "ఎనిమిదింటికి" చివర్లోని "కి" చేసేస్తుంది. పైగా మనకి "వచ్చిందా?" అంటే చాలు, వచ్చింది బస్సా, అక్కా అనేది సందర్భమే చెబుతుంది, ఇంగ్లిష్‌లో "ఇట్" అనో "షి" అనో పెట్టక తప్పదు.

ప్లాన్‌లో ఒక మూల ఈ మూడు నాలుగు చోట్లు రాసి పెట్టుకోండి. పాఠంలో అన్నిటినీ సరిదిద్దాలని కాదు, ఒక్కటి ఎంచుకోండి, ఈ పాఠానికి "డజ్". మిగతావి ఇవాళ చెవిన పడినా పట్టించుకోకండి.

అడుగు 4: మాట్లాడక తప్పని పని పెట్టండి

"మీ ఊరి గురించి మాట్లాడుకోండి" అంటే పిల్లలు మాట్లాడుకోరు, తెలుగులో క్రికెట్ గురించి మాట్లాడుకుంటారు. ఒకరికి తెలిసింది రెండో వాళ్లకి తెలియనప్పుడు, అది తెలిస్తే గానీ పని పూర్తి కానప్పుడు నోరు తప్పకుండా తెరుచుకుంటుంది.

దీనికోసం విదేశీ పద్ధతులు వెతుక్కోనక్కర్లేదు, మన పక్కనే జరిగిన పని ఉంది. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో దక్షిణ భారతదేశంలోని మామూలు బళ్లలో, పెద్ద పెద్ద క్లాసుల్లో నడిచిన ప్రయోగాన్ని బెంగళూరు ప్రాజెక్ట్ అంటారు. వ్యాకరణం విడిగా చెప్పకుండా, రైల్వే టైమ్ టేబుల్, మ్యాపుల్లాంటివి ఇచ్చి వాటితో లెక్క తేల్చే పనులు చేయించారు. పనుల్ని మూడు రకాలుగా విడదీశారు: ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరికి చేరవేసేవి, ఉన్న సమాచారంతో ఆలోచించి తేల్చేవి, ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పేవి. అక్కడి నుంచి ఇవాళ మనం వాడుకోవాల్సినవి రెండు. ఒకటి, పిల్లలకి పని ఇచ్చే ముందు అలాంటిదే ఇంకో పని టీచర్ క్లాసంతటితో కలిసి బోర్డు మీద చేయడం. రెండోది కొలత: కనీసం సగం మంది పిల్లలు సగం పనైనా సరిగ్గా చేయగలిగారంటే పని సరైన స్థాయిలో ఉన్నట్టు. అందరికీ అంతా వచ్చేసిందంటే పని మరీ తేలికైపోయిందని అర్థం. ఈ కొలత దగ్గర పెట్టుకుంటే క్లాసు అయిపోయాక "ఎవరికీ రావట్లేదు" అనే నిస్పృహ చాలావరకు పోతుంది.

అడుగు 5: నిమిషాలు పంచి చూడండి

ఇప్పుడు బస్సు పాఠాన్ని పూర్తిగా విప్పుతాను. ఖర్చు ఒక చార్ట్, నాలుగు చాక్‌పీసులు. జిరాక్సులు అక్కర్లేదు, ఎందుకంటే కాగితాలకి బదులు ఇక్కడ గోడలు వాడుకుంటున్నాం: ముందు బోర్డు మీద ఒక పట్టిక, వెనక గోడ మీద ఇంకో పట్టిక. బెంచీ మీద ఇద్దరిలో ఒకరు బోర్డు వైపు, ఒకరు వెనక్కి తిరిగి కూర్చుంటారు. ఎవరి పట్టిక వాళ్లకే కనిపిస్తుంది.

ఊరి నుంచి టౌన్‌కి నాలుగు బస్సులనుకోండి. ఒకటో నంబర్ పల్లెవెలుగు 7:10కి బయల్దేరి 9:25కి చేరుతుంది. రెండోది ఎక్స్‌ప్రెస్, 8:00కి బయల్దేరి 9:40కి. మూడోది మళ్లీ పల్లెవెలుగు, 8:20కి బయల్దేరి 10:35కి. నాలుగోది ఎక్స్‌ప్రెస్, 9:15కి బయల్దేరి 10:55కి. ముందు బోర్డు మీద ఒకటి, మూడు బస్సులు బయల్దేరే టైమ్, రెండు, నాలుగు బస్సులు చేరే టైమ్ మాత్రమే రాసి మిగతా గళ్లు ఖాళీగా ఉంచండి. వెనక చార్ట్ మీద దీనికి సరిగ్గా ఉల్టా. అప్పుడు ఇద్దరికీ అడగాల్సిన అవసరమూ ఉంటుంది, చెప్పాల్సిన అవసరమూ ఉంటుంది.

మొదటి ఐదు నిమిషాలు కబుర్లు. మీ ఊరికి పొద్దున్నే ఏ బస్సు వస్తుంది, డ్రైవర్ ఆపకుండా వెళ్లిపోతాడా, ఇలా. తెలుగులో జవాబు చెప్పినా ఫర్వాలేదు, మీరు దాన్ని ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పి బోర్డు మీద రెండు మూడు మాటలు పడేయండి.

తర్వాత ఎనిమిది నిమిషాలు నమూనా. మీరు ఎంక్వైరీ కౌంటర్, పిల్లలంతా ప్రయాణికులు. ఇంకో ఊరి బస్సు టైమింగులు మీ చేతిలో కాగితం మీద ఉంటాయి. "వాట్ టైమ్ డజ్ బస్ వన్ లీవ్?" "వాట్ టైమ్ డజ్ ఇట్ రీచ్?" అనే రెండు ప్రశ్నలూ ముక్కలు చేయకుండా, ఒక్క ఊపులో, క్లాసంతా, తర్వాత ఒక వరుస, తర్వాత ఇద్దరు ముగ్గురు విడిగా అడగాలి. వ్యాకరణ సూత్రం చెప్పకండి. "డజ్" కింద రంగు చాక్‌పీస్‌తో గీత గీసి వదిలేయండి.

నాలుగు నిమిషాలు, ఇద్దరు పిల్లల చేత క్లాసు ముందు చేసి చూపించడం. ఈ భాగం ఎగ్గొట్టాలనిపిస్తుంది, ఎగ్గొడితే మాత్రం పని మొదలయ్యాక బెంచీ బెంచీకీ తిరిగి విడివిడిగా చెప్పుకోవాల్సి వస్తుంది. "అర్థమైందా?" అని అడగకండి. ఎప్పుడు అడిగినా వచ్చే జవాబు "ఎస్ సార్", "ఎస్ మేడమ్" అనే కోరస్సే. "బోర్డు ఎవరు చూస్తారు? గోడ ఎవరు చూస్తారు? పుస్తకం చూపించుకోవచ్చా?" అని అడగండి.

పన్నెండు నిమిషాలు జంటల పని. గోల ఉంటుంది. పక్క క్లాసు టీచర్‌కి, హెచ్‌ఎంకి ముందు రోజే ఒక మాట చెప్పి పెట్టండి, ఆపడానికి ఒక సంకేతం అనుకోండి, మీరు చెయ్యెత్తితే చూసినవాళ్లంతా చెయ్యెత్తి ఆగిపోవాలి, మూడు నాలుగు క్లాసుల్లో అలవాటవుతుంది. ఈ పన్నెండు నిమిషాలూ మీరు తప్పులు దిద్దకండి, తిరుగుతూ వినండి, వినిపించిన తప్పులు చేతిలోని చీటీ మీద రాసుకోండి, అంతే.

ఇక పాఠంలో ఊపు వచ్చేది తర్వాతి ఎనిమిది నిమిషాల్లో. ఒక చిక్కు పెట్టండి. అమ్మ, నాన్న, నానమ్మ, ఏడో తరగతి పిల్ల, నలుగురు టౌన్‌లో పెళ్లికి వెళ్లాలి. ముహూర్తం 10:30. బస్టాండ్ నుంచి కల్యాణ మండపానికి అరగంట నడక, ఆటో అయితే 60 రూపాయలు. నానమ్మ నడవలేదు. చేతిలో 300 ఉన్నాయి. పల్లెవెలుగు టికెట్ 55, ఎక్స్‌ప్రెస్ 75 అనుకుందాం. ఏ బస్సు? మూడు, నాలుగు ఎలాగూ ముహూర్తం దాటిపోతాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 300 టికెట్లకే సరి, ఆటోకి పైసా ఉండదు. ఏడుంపావుకి ముందే పల్లెవెలుగు ఎక్కితే ఆటోకి డబ్బులుంటాయి గానీ నానమ్మని తెల్లారకుండా లేపాలి.

ఇలా లెక్క సాగుతుండగా వెనక బెంచీ నుంచి ఒక గొంతు తప్పకుండా లేస్తుంది: "అమ్మకి, నానమ్మకి టికెట్ ఎందుకు సార్?" నిజమే మరి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. చిక్కులోని పిల్ల కూడా అమ్మాయే అయితే నాన్నకి ఒక్కడికే టికెట్, 75 పోను 225 మిగిలిపోతాయి. మీ లెక్క మొత్తం తలకిందులైంది కదా అని దాన్ని కొట్టిపారేయకండి, క్లాసు అప్పుడే నిజంగా మీ చేతికి చిక్కింది. "గుడ్ పాయింట్, సే దట్ ఇన్ ఇంగ్లిష్" అని అడగండి. "లేడీస్ ఫ్రీ" అంటాడు. "బస్ ఈజ్ ఫ్రీ ఫర్ విమెన్" అని మీరు అందించండి, క్లాసంతా అనాలి. ఆ పిల్లాడికి ఆ వాక్యం బట్టీ పట్టాల్సిన పనుండదు, వాడు గెలిచిన వాక్యం అది. తర్వాత ప్రతి జంటా "వి షుడ్ టేక్ బస్ టూ బికాజ్..." అనో, ఇంకో బస్సు పేరు పెట్టో ఒక కారణం చెప్పాలి. సరైన జవాబు ఒక్కటే ఉండకూడదనే ఇలా కట్టాం.

నాలుగు నిమిషాలు బోర్డు దగ్గర: చీటీలో రాసుకున్న తప్పుల్లోంచి మూడు వాక్యాలు, ఎవరివో చెప్పకుండా. పిల్లలే దిద్దాలి. ఆఖరి నాలుగు నిమిషాలు చిన్న కాగితం మీద ఒక ప్రశ్న, ఒక జవాబు రాసి ఇచ్చి బయటికి. మొత్తం 45.

ఈ నిమిషాలు ఏవీ శిలాశాసనం కాదు. జంటల పని బాగా నడుస్తుంటే పెళ్లి చిక్కు రేపటికి వాయిదా వేయొచ్చు. కానీ టైమ్ చాలనప్పుడు మొదట కోసేయాల్సింది మీ మాటల్ని, పిల్లల మాటల్ని కాదు.

అడుగు 6: తెలుగుకి ఎక్కడ చోటివ్వాలో ముందే నిర్ణయించుకోండి

తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడులున్నాయి. ఫైన్ వేస్తే ఇంగ్లిష్ రాదు, మౌనం వస్తుంది. అలాగని పాఠం వాక్యం వాక్యం తెలుగులోకి మార్చి చెప్పేస్తే పిల్లలు ఇంగ్లిష్ వినడమే మానేస్తారు, వెనకాలే తెలుగు వస్తుందని వాళ్లకి తెలుసు కాబట్టి. కొత్త పదానికి అర్థం తెలుగులో ఒక్క మాటలో చెప్పేసి ముందుకెళ్లండి, "గుమ్మడికాయ" అంటే తేలిపోయేదానికి ఐదు నిమిషాల సైగలెందుకు. "ఓపెన్ యువర్ నోట్‌బుక్స్", "టర్న్ టు యువర్ పార్ట్‌నర్" లాంటి రోజువారీ సూచనలు మాత్రం ఏడాదంతా ఇంగ్లిష్‌లోనే, అవే మాటలతో.

ఆలోచన తెలుగులో, చెప్పడం ఇంగ్లిష్‌లో అనేది ఈ వయసుకి బాగా పనికొచ్చే పద్ధతి. పెళ్లి చిక్కు మీద వాళ్లు తెలుగులోనే కొట్టుకోనివ్వండి, తేల్చింది మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాలి.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా ప్లాన్‌లో రాసుకోండి. టీచర్లు సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగకుండా ఇంకొకరి మీదికి వెళ్లిపోతారని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు అమెరికా క్లాసుల్లో గమనించింది, మూడు సెకన్లు ఆగితేనే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు చేతులెత్తారు. అక్కడి పిల్లలు సొంత భాషలో జవాబు చెప్పేవాళ్లు. తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాల్సిన మన పిల్లలకి ఐదారు సెకన్లయినా ఇవ్వాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి, చాలా పొడవుగా అనిపిస్తుంది, అయినా ఆగండి.

అడుగు 7: ఒకే పని, మూడు రకాల ఫలితాలు

అక్షరాలు కూడబలుక్కునే పిల్లకి వేరే వర్క్‌షీట్ ఇచ్చి మూల కూర్చోబెట్టకండి. పని అదే, రాయాల్సింది వేరు. ఆఖరి కాగితం మీద కొందరు "బస్ ___ లీవ్స్ ఎట్ ___" అనే ఖాళీలు నింపుతారు, కొందరు ప్రశ్నా జవాబూ సొంతంగా రాస్తారు, ముందున్నవాళ్లు ఏ బస్సు, ఎందుకు అని మూడు వాక్యాలు రాస్తారు. జంటలు కట్టేటప్పుడు మరీ ముందున్నవాళ్లని మరీ వెనకున్నవాళ్లతో కలపకండి, మొదటివాళ్లే పని చేసేస్తారు. ఒక మెట్టు తేడా ఉంటే చాలు. ఆడపిల్లలు, మగపిల్లలు ఎదురెదురుగా కూర్చోవడానికి ఏడు, ఎనిమిది తరగతుల్లో సిగ్గుపడతారు, మొదటి నెల బలవంతపెట్టకండి.

అడుగు 8: పాఠ్యపుస్తకం సంగతి

"ఇవన్నీ చేస్తే సిలబస్ ఎప్పుడవుతుంది?" న్యాయమైన ప్రశ్నే. ప్రతి పీరియడూ ఇలా ఉండక్కర్లేదు. వారానికి రెండు చాలు, మిగతావి చదవడానికి, రాయడానికి. అయితే పుస్తకంలోని పాఠాన్నే పనిగా మార్చొచ్చు. రీడింగ్ పాఠంలో నాలుగు పేరాలుంటే నాలుగు వరుసలకి తలా ఒకటి ఇచ్చి, ఐదు నిమిషాలు చదివాక ఒక్కో వరుస నుంచి ఒకరు చొప్పున నలుగురు కలిసి కూర్చుని ఎవరి పేరా సంగతి వాళ్లు చెప్పుకుంటే కథ పూర్తవుతుంది. లేదా ఒక పేరా రాసి వరండా గోడకి అంటించండి, ఒకరు పరిగెత్తి వెళ్లి ఒక వాక్యం చదివి గుర్తుపెట్టుకుని వచ్చి చెబుతారు, జంటలో రెండోవాళ్లు రాస్తారు. ఆరో తరగతికి ఇది పండగ. ఎనిమిదో తరగతి వాళ్లు కాస్త బెట్టు చేస్తారు, టైమ్ పెట్టి పోటీ అంటే వాళ్లూ పరిగెడతారు.

ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలు మీ చేతిలో ఉంటే తెలుగు పేజీని దాచిపెట్టకండి. సైన్సు, సోషల్ పాఠం తెలుగు పేజీ ఇంట్లో చదువుకు రమ్మని, క్లాసులో ఇంగ్లిష్ పేజీ మీద "ఫలానా సంగతి ఎక్కడుంది, వేలు పెట్టి చూపించు" అని అడగండి. విషయం ముందే తెలిస్తే ధ్యాసంతా భాష మీదే ఉంటుంది.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలోనే వేసే) మార్కుల కోసం విడిగా టైమ్ తీయనక్కర్లేదు. ఆఖరి కాగితాలు రాతపనిలోకి వస్తాయి, ఊరి బస్సుల టైమ్ టేబుల్ ఇంగ్లిష్‌లో తయారు చేయడం ప్రాజెక్ట్ అవుతుంది, స్లిప్ టెస్ట్‌లో కొత్త పట్టిక ఇచ్చి ప్రశ్నలు రాయమంటే గైడ్ చూసి బట్టీ పట్టే వీలూ ఉండదు.

అడుగు 9: రికార్డులో ఎలా రాయాలి

ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చి అడిగే ఫార్మాట్ ఒకటుంటుంది, దానితో గొడవ పెట్టుకోకండి. "లర్నింగ్ అవుట్‌కమ్" గడిలో రెండో అడుగులో రాసుకున్న వాక్యం పెట్టండి. "టీచింగ్ లర్నింగ్ ప్రాసెస్" గడిని మధ్యలో గీత కొట్టి ఎడమవైపు మీరు చేసేది, కుడివైపు పిల్లలు చేసేది, పక్కన నిమిషాలు రాయండి. ఎడమవైపు నిమిషాలు 20 దాటాయంటే ప్లాన్ అక్కడే దిద్దుకోవచ్చు. క్లాసయ్యాక ఆఖరి కాగితాల్ని మూడు కుప్పలు చేయండి: వచ్చింది, సగం వచ్చింది, రాలేదు. ఐదు నిమిషాల పని. ఏ కుప్పలో ఎన్నో "టీచర్ రిఫ్లెక్షన్" గడిలో రాసేయండి. "చిల్డ్రన్ ఎంజాయ్డ్ ది లెసన్" అని రాసేదానికంటే ఇదే నయం. మూడో కుప్ప పెద్దదైతే రేపటి మొదటి పది నిమిషాలు అదే పని వేరే టైమింగులతో చేయించండి, చిన్నదైతే ఆ కొద్దిమందినీ మధ్యాహ్న భోజనం తర్వాత పిలిచి ఆ రెండు ప్రశ్నలూ వాళ్ల చేత అడిగించుకోండి.